తగిలిన చోటే మళ్ళీ తగిలితే...

"తగిలిన వేలికే మళ్ళీ తగులుతుందిరా" అనేది మా అమ్మమ్మ. గడప తన్నుకుని బొటనవేలు పగిలిన వారానికే మంచం కోడు తన్నుకుని, మళ్ళీ అదే వేలు పట్టుకుని నేను ఏడుస్తుంటే పసుపు అద్దుతూ అనే మాట అది. అందులో పెద్ద రహస్యం ఏమీ లేదనుకునేవాణ్ణి. నొప్పిగా ఉన్న వేలికి తగిలితే ప్రాణం పోతుంది, మిగతా తొమ్మిదింటికి తగిలినా పట్టించుకోం, అంతే కదా అని. కానీ చర్మం విషయంలో ఆ మాటలో నిజంగానే ఒక వైద్య పాఠం ఉందని పోయిన సంక్రాంతికి మా అమ్మ వీపు చూశాక తెలిసింది.

నవంబర్‌లో ఒకరోజు పొద్దున్న స్టాండప్ కాల్ మధ్యలో అమ్మ ఫోన్. "నాన్నా, అక్కి మళ్ళీ వచ్చిందిరా. అదే చోట."

అక్కి అంటే తెలుసుగా? కొన్ని ఊళ్ళలో సర్పి అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు. ఒంటికి ఒక పక్కనే, బెల్టు పెట్టినట్టు, నీటి పొక్కులు మంటగా లేస్తాయి. అమ్మకి అంతకు రెండేళ్ళ కిందట ఎడమవైపు వీపు మీద మొదలై పక్కటెముకల మీదుగా ముందుకి వచ్చింది. మా ఊళ్ళో అందరూ చేసేదే అమ్మా చేసింది. కుమ్మరి తాత దగ్గరికి వెళ్ళి ఎర్రమన్నుతో అక్కి రాయించుకుంది. ఆయన పొక్కుల చుట్టూ సింహం బొమ్మ గీశాడు. మూడో రోజుకి మంట తట్టుకోలేక ఏడుస్తుంటే నాన్న ఊరుకోక టౌన్‌కి తీసుకెళ్ళారు. వైరస్ మాత్రలు వాడాక తగ్గింది. గోధుమ రంగు మచ్చలూ, అప్పుడప్పుడూ సూది పొడిచినట్టు పోటూ మిగిలాయి.

అందుకే "మళ్ళీ వచ్చింది" అనగానే నేను ఏమాత్రం ఆలోచించలేదు. వాట్సాప్‌లో ఫొటో పెట్టమన్నా. అదే పట్టీ, అదే వైపు. "అవునమ్మా, అక్కే" అని తేల్చేశా. బీటెక్ కంప్యూటర్ సైన్స్ వాడి డయాగ్నసిస్! డ్రాయర్‌లో పాత మాత్రలు మిగిలి ఉంటే అమ్మ నాలుగు రోజులు వేసుకుంది. అవి అయిపోయాక మెడికల్ షాప్ అబ్బాయి ఇచ్చిన క్రీమ్ రాసింది. రెండు రోజులు తగ్గినట్టే ఉంది, తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. అలా ఏడు వారాలు గడిచిపోయాయి.

పండక్కి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశా. నీటి పొక్కుల్లేవు. ఊదారంగులో, పైన చదునుగా, మెరుస్తున్న చిన్న చిన్న బుడిపెలు. అమ్మ రాత్రిళ్ళు నిద్రపోవట్లేదని నాన్న చెప్పారు. మంటకి కాదు, దురదకి.

ఇల్లు అదే, అద్దెవాళ్ళు మారారు

చర్మం డాక్టర్‌గారు అమ్మని అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పా, దురదా?" రెండోది, "ఎప్పుడైనా ఇందులో నీరు చేరిందా?" మూడోది, "ఇంతకు ముందు ఇక్కడ ఏమైనా వచ్చిందా?" ఈ మూడూ నేను ఫోన్‌లో అడగొచ్చు. అడగలేదు.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అక్కి కాదు. లైకెన్ ప్లానస్. అది వైరస్‌తో వచ్చే పొక్కు కాదు. మన రోగనిరోధక కణాలే మన చర్మం మీద తిరగబడితే వచ్చేది. అక్కికీ దీనికీ మందు వేరు, కథ వేరు. మరి అంత ఒళ్ళు వదిలేసి, సరిగ్గా పాత అక్కి పట్టీ మీదే ఎందుకొచ్చింది? డాక్టర్‌గారు నవ్వి, "ఇల్లు అదేనమ్మా, అద్దెకున్నవాళ్ళు మారారు" అన్నారు.

దీనికి ఒక పేరుంది. వుల్ఫ్ ఐసోటోపిక్ రెస్పాన్స్. ఒక చర్మవ్యాధి పూర్తిగా మానిపోయిన చోటే, దాంతో సంబంధం లేని మరో కొత్త వ్యాధి రావడం. ఇలాంటి కేసులు అక్కడక్కడా 1950ల నుంచే వైద్య పత్రికల్లో ఉన్నాయి. 1995లో ఇజ్రాయెల్‌కి చెందిన చర్మ వైద్యుడు రోనీ వుల్ఫ్, ఆయన సహచరులు దాన్ని విడిగా గుర్తించి పేరు పెట్టారు. 'ఐసో' అంటే అదే, 'టోపోస్' అంటే చోటు. అదే చోటు అని అర్థం. మొదటి వ్యాధి ఎక్కువ కేసుల్లో అక్కే. రెండోది లైకెన్ ప్లానస్ కావచ్చు, గ్రాన్యులోమా యాన్యులేర్ అనే ఉంగరాల్లాంటి బుడిపెలు కావచ్చు, సోరియాసిస్ కావచ్చు, ఫంగస్ కావచ్చు, అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు. రెండిటి మధ్య కొన్ని రోజులే ఉండొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. మొత్తం మీద ఇది అరుదైన సంగతే. అక్కి వచ్చిన వాళ్ళందరూ కంగారు పడక్కర్లేదు.

మా ఆఫీస్ భాషలో నా తప్పేంటో చెప్తా. ఒక మాడ్యూల్‌లో బగ్ వచ్చింది, ఫిక్స్ చేశాం, టికెట్ మూసేశాం. రెండేళ్ళకి అదే మాడ్యూల్‌లో మళ్ళీ ఏదో తేడా. బద్ధకస్తుడు ఏం చేస్తాడు? లాగ్స్ చూడకుండా పాత టికెట్ రీఓపెన్ చేసి పాత ప్యాచే మళ్ళీ వేస్తాడు. అక్కడ తెరవాల్సింది కొత్త టికెట్. ఆఫీస్‌లో జూనియర్లకి రోజూ చెప్పే ఈ మాటే అమ్మ దగ్గర మర్చిపోయా.

గుర్రం కరిచిన చోట

దీనికి ఒక అన్న ఉన్నాడు. ఇంకా పాతవాడు, ఇంకా ఎక్కువమందిలో కనిపించేవాడు. అతను మా ఇంట్లోనే ఉన్నాడు, నా ముంజేతి మీద.

నాకు ఇంజినీరింగ్ మూడో ఏడాది నుంచి మోచేతుల మీద సోరియాసిస్ ఉంది. రెండేళ్ళ కిందట వానలో బైక్ జారి ముంజెయ్యి రోడ్డుకి గీసుకుపోయింది. గాయం చక్కగా ఆరింది, చెక్కు రాలిపోయింది. హమ్మయ్య అనుకున్న రెండు వారాలకి ఆ గీత పొడవునా ఎర్రగా, పైన తెల్లటి పొలుసుతో సోరియాసిస్ లేచింది. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. రోడ్డు ఎక్కడ గీసిందో అక్కడే, ఒక్క సెంటీమీటర్ అటూ ఇటూ కాకుండా.

దీని పేరు కోబ్నర్ ఫినామినన్. హైన్రిచ్ కోబ్నర్ జర్మన్ చర్మ వైద్యుడు. బ్రెస్లావ్ నగరం ఆయనది, ఇప్పుడది పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్. 1872లో ఆయన తన దగ్గరికొచ్చిన ఒక సోరియాసిస్ రోగి గురించి తోటి డాక్టర్లకి చెప్పాడు. ఆ మనిషికి చర్మం గీసుకుపోయిన చోట్ల, గుర్రం కరిచిన చోట, పచ్చబొట్టు పొడిపించుకున్న చోట కొత్తగా సోరియాసిస్ వచ్చింది. అంటే గుర్రం రోగాన్ని అంటించలేదు. సూదీ అంటించలేదు. రోగం మనిషి లోపలే ఉంది, గాయం దానికి తలుపు తీసింది.

రెండిటికీ తేడా సులువుగా గుర్తుపెట్టుకోవాలంటే ఇలా అనుకోండి: కోబ్నర్‌లో రోగం పాతది, చోటు కొత్తది. వుల్ఫ్‌లో చోటు పాతది, రోగం కొత్తది. నాది మొదటిది, అమ్మది రెండోది.

సోరియాసిస్ ఉన్నవాళ్ళలో సుమారు పావు వంతు మందిలో కోబ్నర్ కనిపిస్తుందని లెక్క. గాయమయ్యాక చాలాసార్లు 10 నుంచి 20 రోజుల్లో బయటపడుతుంది. ఇంకా తొందరగానూ రావొచ్చు, నెలల తర్వాతా రావొచ్చు. గాయం అంటే బైక్ యాక్సిడెంటే కానక్కర్లేదు. టాటూ సూది, ఆపరేషన్ కుట్లు, ఎండకి కమలడం, వ్యాక్సింగ్, గోళ్ళతో గోకడం, అన్నీ లెక్కలోకి వస్తాయి.

సోరియాసిస్ ఒక్కటే కాదు. లైకెన్ ప్లానస్‌లోనూ గోకిన గీత వెంట బుడిపెలు వరసకడతాయి. బొల్లిలో అయితే ఇది మన బట్టల్లోనే దాక్కుంటుంది. లంగా బొందు గట్టిగా బిగించే నడుము, లోదుస్తుల పట్టీలు ఒరిసే భుజం, చెప్పుల వార్లు రాసుకునే పాదం, గడియారం పట్టీ ఉండే మణికట్టు. రోజూ ఒకే చోట ఒత్తిడి, ఒరిపిడి. మచ్చలు సరిగ్గా అదే దారి పట్టుకుని వస్తుంటాయి.

ఒక్క జాగ్రత్త. గడ్డం గీసుకున్నాక ఉలిపిరికాయలు వరసగా లేస్తే అది అసలు కోబ్నర్ కాదు. అక్కడ బ్లేడు వైరస్‌ని ఒక చోట నుంచి ఇంకో చోటుకి మోస్తుంది. అది అంటువ్యాధి. సోరియాసిస్, బొల్లి, లైకెన్ ప్లానస్ అంటేవి కావు. ఈ తేడా తెలియక పెళ్ళిళ్ళ దగ్గర, హాస్టళ్ళలో ఎంతమంది మనసులు విరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

చర్మానికీ జ్ఞాపకం ఉంది

ఇంతకీ ఇలా ఎందుకు జరుగుతుంది? ఒక్క ముక్కలో తేల్చేసే సమాధానం సైన్స్ దగ్గర లేదు. మూడు పెద్ద ముక్కలైతే ఉన్నాయి.

మొదటిది అలారం. చర్మం తెగగానే పైపొర కణాలు ఎల్‌ఎల్-37 లాంటి పదార్థాల్ని వదులుతాయి. సూక్ష్మక్రిముల్ని చంపడం వాటి పని. సోరియాసిస్ వచ్చే శరీరతత్వం ఉన్నవాళ్ళలో ఈ ఎల్‌ఎల్-37, చనిపోయిన మన కణాల డీఎన్‌ఏతో జతకడుతుంది. అక్కడున్న కాపలా కణాలు దాన్ని వైరస్ అనుకుని ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తాయి. దాంతో టీ-కణాలు పరుగెత్తుకొస్తాయి, ఐఎల్-17 లాంటి సంకేతాలు పెరుగుతాయి, చర్మకణాలు హడావుడిగా పుట్టి పొలుసులు కడతాయి. మామూలు మనిషిలో గాయం మానగానే అలారం ఆగిపోతుంది. నాలాంటి వాళ్ళలో మోగుతూనే ఉంటుంది.

రెండోది జ్ఞాపకం. చర్మంలో జబ్బు తగ్గాక అందుకోసం వచ్చిన టీ-కణాలన్నీ వెళ్ళిపోవు. కొన్ని అక్కడే కాపురం పెట్టేస్తాయి. సోరియాసిస్ మచ్చ పూర్తిగా మాయమై, మందు ఆపిన కొన్నాళ్ళకి సరిగ్గా అదే చోట తిరిగి రావడానికి ఈ కణాలే పెద్ద కారణం. గుర్తుపెట్టుకునేది టీ-కణాలే కాదు. 2017లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో శ్రుతి నాయక్, ఎలేన్ ఫుక్స్ బృందం ఎలుకల మీద ఒక ప్రయోగం చేసింది. ఒకసారి చర్మం వాచి, పూర్తిగా తగ్గిపోయిన చోట మళ్ళీ గాయం చేస్తే, మామూలు చర్మం కంటే సుమారు రెండున్నర రెట్లు వేగంగా మానింది. ఆ జ్ఞాపకం చర్మపు మూలకణాల డీఎన్‌ఏ అమరికలో ఉంది. కొన్ని జన్యువుల తలుపులు పూర్తిగా మూసుకోకుండా ఓరగా ఉండిపోయాయి. ఆరు నెలల తర్వాత కూడా అంతే.

వినడానికి మంచి వార్తే కదా? ఒకసారి దెబ్బతిన్న చోటు రెండోసారికి సిద్ధంగా ఉంటుంది. కానీ అంత తొందరగా స్పందించే చోటు, అవసరం లేనప్పుడు కూడా తొందరపడొచ్చు. ఒకసారి దొంగ పడిన ఇంట్లో పిల్లి కదిలినా అందరూ లేచి కూర్చుంటారు చూడండి, అలా.

మూడోది నరాలు, లింఫ్ నాళాలు. మా అమ్మ కథకి ఇదే దగ్గర. అక్కి వైరస్ కొత్తగా బయట నుంచి వచ్చేది కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు వచ్చిన వైరసే, వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో దశాబ్దాలు పడుకుని, వయసు మీద పడ్డాకో ఒంట్లో శక్తి తగ్గినప్పుడో లేచి, ఒక నరం వెంట చర్మంలోకి దిగుతుంది. అందుకే ఆ పట్టీ ఆకారం. దిగుతూ దిగుతూ ఆ నరం కొసల్ని పాడుచేస్తుంది. నరాల పని నొప్పి చెప్పడమే కాదు. అవి వదిలే రసాయనాలతో చుట్టుపక్కల రోగనిరోధక కణాలకి సూచనలు కూడా ఇస్తాయి. ఆ సూచనలు తప్పితే ఆ ఒక్క ప్రాంతంలో కాపలా ఒకచోట సన్నగిల్లుతుంది, ఇంకోచోట శ్రుతి మించుతుంది. ఇటలీ వైద్యుడు విన్సెంజో రువోక్కో బృందం 2009లో దీన్నే కాపలా దెబ్బతిన్న జిల్లా అన్న అర్థంలో వివరించింది. రాష్ట్రమంతా బాగానే ఉంటుంది, ఒక్క జిల్లాలో పోలీస్ వ్యవస్థ గాడి తప్పుతుంది.

లింఫ్ దారులు మూసుకుపోయినా ఇంతే. గోదావరి జిల్లాల వాళ్ళకి బోదకాలు గురించి వేరే చెప్పాలా? ఆ కాలికే మళ్ళీ మళ్ళీ చీము, జ్వరం, ఎర్రదనం రావడం మన ముసలివాళ్ళలో చూశాం. అక్కడ కాపలా కణాలు తిరగాల్సిన దారే మూసుకుపోయి ఉంటుంది మరి.

మచ్చని మర్చిపోవద్దు

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ అరుదైన జాబితాలో నిజంగా భయపడాల్సింది ఒకటుంది. ఏళ్ళ తరబడి మానని పుండులో, పాత కాలిన మచ్చలో క్యాన్సర్ పుట్టొచ్చు. దానికి మార్జొలిన్ పుండు అని పేరు. 1828లో ఫ్రెంచి సర్జన్ జాన్ నికొలా మార్జొలిన్ మచ్చల్లో వచ్చే ఇలాంటి పుండ్ల గురించి రాశాడు. కాలిన గాయం నుంచి క్యాన్సర్‌కి సగటున 30 ఏళ్ళ దాకా పట్టొచ్చు. మన దేశానికే చెందిన ఉదాహరణలూ ఉన్నాయి. కశ్మీర్‌లో చలికి నిప్పుల కుంపటి, అంటే కాంగ్డీని, ఫెరన్ కింద పొట్టకి ఆనించుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ వేడి తగిలిన పొట్ట, తొడల చర్మం మీద క్యాన్సర్ రావడం 19వ శతాబ్దంలోనే వైద్యులు గుర్తించారు. నడుము మీద పంచె బిగించి కట్టే చోట వచ్చే క్యాన్సర్ గురించి 1945లో బొంబాయి నుంచి వి.ఆర్. ఖనోల్కర్ రాశారు. చీర కట్టే నడుము మీద కూడా తర్వాత కేసులు బయటపడ్డాయి. చాలా అరుదు. కానీ మీ ఇంట్లో ఎవరికైనా పాత కాలిన మచ్చ మీద కొత్తగా పుండు పడి నెల దాటినా మానకపోతే, అంచులు గట్టిపడితే, రక్తం కారుతుంటే, "పాత మచ్చేలే" అనుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

మిగతా వాళ్ళకి నా అనుభవంలోంచి నాలుగు మాటలు.

పాత చోట కొత్తగా ఏదొచ్చినా కొత్త టికెట్ తెరవండి. నొప్పా దురదా, నీరుందా లేదా, రంగేంటి, ఎన్నాళ్ళయింది. వెలుతురులో ఫొటో తీసి, తేదీతో దాచుకోండి. ఆ ఫొటో డాక్టర్‌కి చూపించడానికి, గూగుల్‌కీ నాలాంటి కొడుకులకీ కాదు. డాక్టర్ అడక్కపోయినా ఆ చోట ఇంతకు ముందు ఏం వచ్చిందో మీరే చెప్పండి. పదేళ్ళ కిందటిదైనా సరే.

డ్రాయర్‌లో మిగిలిన మాత్రలు, షాప్ వాళ్ళిచ్చిన క్రీములు వద్దు. అమ్మ రాసింది స్టెరాయిడ్ కలిసిన మిక్స్ క్రీమ్. అలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం వాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. తమాషా ఏంటంటే, డాక్టర్‌గారు చివరికి రాసిందీ స్టెరాయిడే. మందు చెడ్డదని కాదు. ఏ జబ్బుకి, ఎంత బలం, ఎన్ని రోజులు అన్నదే తేడా. అదే క్రీమ్ ఫంగస్ మీద రాసి ఉంటే దాన్ని పెంచి పోషించేది.

నిజంగా అక్కే అయితే మాత్రం ఆలస్యం చేయొద్దు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. ఎర్రమన్ను సింహం మీద నాకు కోపం లేదు, తాత అంటే గౌరవమే. కానీ అక్కి ఎలాగూ రెండు నుంచి నాలుగు వారాల్లో ఎండిపోతుంది కాబట్టి పేరు సింహానికొస్తుంది. ఆ మొదటి మూడు రోజులు మాత్రం తిరిగి రావు. 50 దాటిన అమ్మానాన్నలకి అక్కి రాకుండా టీకా కూడా ఉంది. వాళ్ళ డాక్టర్‌ని అడగండి.

సోరియాసిస్, బొల్లి ఉన్నవాళ్ళు టాటూకి ముందు రెండుసార్లు ఆలోచించండి. పొలుసులు పీకొద్దు, గట్టి నాడాలు వద్దు, గోకే చేతికి గోళ్ళు ఉంచొద్దు. నేను అమ్మ పేరు ముంజేతి మీద వేయించుకుందామని డిజైన్ కూడా సిద్ధం చేసుకున్నా. స్లాట్ క్యాన్సిల్ చేశా. అమ్మ పేరు అక్షరాలా సోరియాసిస్‌తో రాసి ఉంటే చూడలేను.

అమ్మకి ఇప్పుడు దురద లేదు. ఊదా బుడిపెలు అణిగిపోయి నల్లటి మచ్చలు మిగిలాయి, అవి పోవడానికి టైమ్ పడుతుందట. లంగా బొందుకి బదులు వెడల్పు పట్టీ కుట్టించుకుంది. మొన్న ఫోన్ చేసి వాళ్ళ వదినగారికి కూడా కుట్టించానని చెప్పింది. పెట్టేసే ముందు అడిగింది, "నీ మోచెయ్యి ఎలా ఉందిరా? గోకుతున్నావా?"

అబద్ధం చెప్పబోయి ఆగా. "కొంచెం" అన్నా.

"ఫొటో పెట్టు" అంది. పెట్టా. రెండు నిమిషాలకి జవాబు వచ్చింది: "నాకేం తెలుస్తుంది, డాక్టర్‌కి చూపించు."